చీపురు పట్టేవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతి

సంక్రాంతి ముందు బూజులు దులుపుకోవడం మీ అందరిళ్ళల్లోనూ ఉండేదే కదా. మా ఇంట్లో ఆ పని భోగికి వారం ముందు మొదలవుతుంది. ఈసారి భోజనాల గదిలో, చేతులు కడుక్కునే సింకు పైన మూల బూజుకర్ర తిప్పుతుంటే టప్‌మని చప్పుడైంది. ఏమిటా అని చూస్తే, అక్కడ ఏళ్ళ తరబడి వేలాడుతున్న బల్బు. అదేనండీ, జంతిక చుట్టినట్టు మెలికలు తిరిగి ఉంటుంది చూడండి, ఆ సీఎఫ్‌ఎల్ బల్బు. ఇల్లంతా ఎల్‌ఈడీలు పెట్టుకున్నా అదొక్కటి ఇంకా వెలుగుతోంది కదా అని అలాగే వదిలేశాం.

కర్ర నా చేతిలో ఉంది, కాబట్టి పగలగొట్టింది నేనే. ఊడ్చింది మాత్రం మా ఇంట్లో పనిచేసే ఆవిడ. గిన్నెలు తోమి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "జరగండక్కా, కాలికి గుచ్చుకుంటాయి" అని నన్ను పక్కకి తప్పించింది. పెద్ద పెంకులు వట్టి చేత్తో ఏరింది. మిగతాది చీపురుతో గబగబా ఊడ్చి చేటలోకి ఎత్తింది. పిండి లాంటి తెల్లటి పొడి కొంచెం పైకి లేచింది. దుమ్ము పోతుందని నేనే వెళ్ళి ఫ్యాన్ వేశాను. ఆవిడ మూడేళ్ళ కొడుకు ఆ రోజు తల్లితో వచ్చాడు. గుమ్మం పక్కన కింద కూర్చుని డబ్బా మూతలతో ఆడుకుంటున్నాడు. ఆ తర్వాత అదే చీపురుతో హాలూ, పడగ్గదులూ ఊడ్చేసింది. పెంకులు తడి చెత్త బుట్టలో, కూరగాయల తొక్కల మీద పడ్డాయి. పదంటే పది నిమిషాల్లో పని అయిపోయింది. ఎంత చురుకైన మనిషో అని మురిసిపోయాను కూడా.

సాయంత్రం మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. ఖాళీ హోల్డర్ చూసి, "సీఎఫ్‌ఎల్ పగిలిందా? ఎలా తీశారమ్మా?" అంది. ఎలా తీస్తారే, చీపురుతో అన్నాను. అది నా వంక చూసిన చూపు, నేను చిన్నప్పుడు దాన్ని చూసే చూపులా ఉంది. "అందులో పాదరసం ఉంటుందమ్మా. చీపురుతో అసలు ఊడ్చకూడదు" అంది.

నాకు మొదట నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు థర్మామీటర్ పగిలితే పండగే. ఆ వెండి పూసల్ని అరచేతిలో పోసుకుని, ఒకదాన్ని రెండు చేసి, రెండింటిని ఒకటి చేసి, అది తిరగని వాళ్ళ చేతిలోకి వంపి ఆడుకున్నవాళ్ళమే కదా మనమంతా! ఆ మాటే అన్నాను. "అప్పుడు ఏం కాలేదని ఇప్పుడూ ఏం కాదనా?" అని అది పుస్తకం ముందేసుకుని కూర్చుంది. నేను ఆ రాత్రి వంట చేస్తున్నానన్న మాటే గానీ, నా మనసంతా ఆ గుమ్మం పక్కన కూర్చున్న పిల్లాడి మీదే ఉంది.

ఆ తర్వాత తెలుసుకున్నవి చెబుతాను. భయపెట్టడానికి కాదు. నిజానికి మొదట తెలుసుకున్న సంగతి ధైర్యం ఇచ్చేదే. ఒక సీఎఫ్‌ఎల్‌లో ఉండే పాదరసం మామూలుగా 5 మిల్లీగ్రాములు, లేదా అంతకన్నా తక్కువ. మనం ఆడుకున్న జ్వరం థర్మామీటర్లో ఉండేది దాదాపు 500 మిల్లీగ్రాములు. అంటే నూరోవంతు. ఒక బల్బు పగిలినంత మాత్రాన ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరుగెత్తక్కర్లేదు.

కానీ థర్మామీటర్లోది ముద్దగా, కంటికి కనపడేలా ఉంటుంది. బల్బులో అలా కాదు. కరెంటు ఆ పాదరసపు ఆవిరి గుండా పోయి, కంటికి కనపడని అతినీల లోహిత కాంతి పుట్టిస్తుంది. గాజుకి లోపల పూసిన తెల్లపొడి దాన్ని మనకి కనపడే వెలుగుగా మారుస్తుంది. పగిలినప్పుడు కొంత పాదరసం ఆవిరిగా గాల్లో కలుస్తుంది, కొంత ఆ పొడికీ పెంకులకీ అంటుకుని ఉండి మెల్లమెల్లగా పైకొస్తుంది. పాదరసం మింగితే వచ్చే ప్రమాదం కన్నా దాని ఆవిరి పీలిస్తే వచ్చే ప్రమాదం ఎక్కువట. అది మెదడు మీదా నరాల మీదా మూత్రపిండాల మీదా పనిచేస్తుంది. పసిపిల్లలూ గర్భిణులూ మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడు చెప్పండి, నేల మీద ఆడుకునేది ఎవరు? వంగి ఊడ్చేది ఎవరు?

మేం చేసిన ప్రతి పనీ తప్పే. ఫ్యాన్ వేయడం తప్పు. ఏసీ ఉంటే అదీ ఆపాలి, లేకపోతే ఆ గాలి ఇల్లంతా తిరుగుతుంది. ముందు పిల్లల్నీ, కుక్క ఉంటే కుక్కనీ బయటికి పంపి, కిటికీలు తెరిచి, తక్కిన ఇంట్లోకి వెళ్ళే తలుపు మూసి, ఓ పది పదిహేను నిమిషాలు మనమూ ఆ గదిలోంచి వచ్చేయాలి. తర్వాత చేతికి తొడుగు వేసుకుని, తొడుగు లేకపోతే ప్లాస్టిక్ సంచైనా చుట్టుకుని, పాత పెళ్ళి శుభలేఖ అట్ట లాంటి గట్టి కాగితాలు రెండు తీసుకుని పెంకుల్నీ పొడినీ వాటితోనే ఎత్తాలి. శుభలేఖలకి మనిళ్ళల్లో కొదవేం లేదు కదా! మిగిలిన నలుసుల్ని అంటుకునే టేపుతో అద్ది తీయాలి. ఆఖర్న తడి కాగితంతో తుడవాలి. అవన్నీ, టేపూ కాగితాలతో సహా, బిగుతు మూత ఉన్న గాజు సీసాలో వేసి మూత పెట్టాలి. ఖాళీ ఆవకాయ సీసా చాలు. చీపురు పట్టకూడదు, వాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకూడదు. రెండూ ఆ పొడిని గాల్లోకి లేపుతాయి, పైగా అవి తిరిగిన చోటల్లా అంటిస్తాయి. తుడిచిన గుడ్డని సింకులో జాడించకూడదు. పెంకులు దుప్పటి మీదో పరుపు మీదో పడితే ఆ దుప్పటి ఉతికి వాడుకోవడం కాదు, తీసి పారేయడమే.

దుప్పటి సరే, మరి చీపురు? ఇక్కడ మా అత్తయ్య గారితో చిన్న యుద్ధం జరిగింది. చీపురు లక్ష్మి, పైగా ధనుర్మాసం, పైగా కొని నెలన్నా కాలేదు. "నువ్వూ నీ పాదరసమూ! రసాయనం తగిలిందని లక్ష్మిని వీధిలో పడేస్తావా?" అన్నారు. ఆవిడకి నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. చివరికి మనవరాలు రంగంలోకి దిగి, "నాన్నమ్మా, రేపు మీ పూజగది కూడా దాంతోనే ఊడుస్తారు మరి" అనేసరికి, మారు మాట్లాడకుండా కొత్త చీపురుకి డబ్బులు తీసిచ్చారు.

నన్ను ఇప్పటికీ తినేస్తున్న ప్రశ్న వేరే ఉంది. ఇవన్నీ నాకెందుకు తెలియలేదు? నేను చదువుకోనిదాన్ని కాదు. తెలుగు బీఏ, ప్రబంధాలు చదివి పరీక్షలు రాశాను. అటక మీద ఆ బల్బు తాలూకు పాత అట్టపెట్టె ఒకటి దొరికితే తీసి చూశాను. ఎంత కరెంటు ఆదా అవుతుందో ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉంది. ఎన్ని గంటలు వెలుగుతుందో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉంది. వెనక కింది మూల, చిన్న గుండ్రంలో రెండు ఇంగ్లీషు అక్షరాలు, హెచ్, జీ అని. అది పాదరసానికి రసాయనశాస్త్రం వాళ్ళు పెట్టుకున్న గుర్తట! లాటిన్ పేరులోంచి వచ్చిందట. మా అమ్మాయి చెబితే తెలిసింది. ఇంట్లో పగిలిన బల్బు ఎత్తే ఆడవాళ్ళల్లో ఎంతమందికి లాటిన్ వచ్చని ఆ గుర్తు పెట్టారో! అగరొత్తుల పెట్టె మీద కూడా తెలుగు ఉంటుంది. దీని మీద "పగిలితే చీపురుతో ఊడ్వకండి" అని నాలుగు తెలుగు మాటలు వేయడానికి చోటు లేకపోయిందా?

ఈ బల్బులు మా ఇళ్ళల్లోకి వాటంతట అవి నడిచి రాలేదు కూడా. 2009లో కేంద్ర ప్రభుత్వం బచత్ ల్యాంప్ యోజన పెట్టింది. పాత ఫిలమెంటు బల్బు ఇచ్చి 15 రూపాయలు కడితే సీఎఫ్‌ఎల్. 60 వాట్ల బల్బు వెలుగు 14, 15 వాట్లకే వస్తుందంటే ఎవరు కాదంటారు? మంచి పథకమే, కరెంటూ మిగిలింది, బిల్లూ తగ్గింది. ఆ తర్వాత 2014 చివర్లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని 10 రూపాయలకో ఎల్‌ఈడీ చొప్పున ఇచ్చారు. తెనాలి దగ్గర మా అత్తయ్య గారి ఊళ్ళో కూడా తీసుకున్నారు. అప్పుడు వెనక్కి తీసుకున్నది ఫిలమెంటు బల్బుల్ని. వాటిల్లో ఏముంటుంది, గాజూ ఓ తీగా తప్ప! విషం ఉన్న బల్బు అడిగి తీసుకెళ్ళడానికి మాత్రం మా గుమ్మం దాకా ఏనాడూ ఎవరూ రాలేదు.

పాదరసం సంగతి పైవాళ్ళకి తెలియదా అంటే, బాగా తెలుసు. కొడైకెనాల్లో థర్మామీటర్లు చేసే ఫ్యాక్టరీ 2001లో మూతపడింది పాదరసం గొడవతోనే. అక్కడ పనిచేసిన 591 మందికి పరిహారం ఒప్పందం కుదరడానికి 2016 దాకా పట్టింది. జపాన్లో సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరి, వాటిని తిన్న మనుషుల్ని నాశనం చేసిన ఊరు మినమాట. ఆ ఊరి పేరుతోనే 2013లో ప్రపంచ ఒప్పందం జరిగింది, మన దేశం 2018లో చేరింది. ఇళ్ళల్లో వాడే ఈ రకం సీఎఫ్‌ఎల్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతి 2025తో ఆపేయాలని ఆ ఒప్పందంలో ఉన్న దేశాలు తీర్మానించుకున్నాయి. సంతోషం. మరి మన అటకల మీదా, బాత్రూముల్లోనూ, మెట్ల కిందా ఇంకా వేలాడుతున్నవాటి మాట?

తీసేద్దామని మావారు స్టూలెక్కారు. అక్కడ ఇంకో పాఠం. సీఎఫ్‌ఎల్‌ని గాజు మెలికలు పట్టుకుని తిప్పకూడదు, చేతిలోనే విరుగుతుంది. కింద ప్లాస్టిక్ దిమ్మ పట్టుకుని నొక్కి తిప్పాలి. వెలిగి వెలిగి దిమ్మ దగ్గర నల్లబడినా, కాలిన వాసన వచ్చినా ఇంకో నెల లాగుదామనుకోవద్దు. ఆ దిమ్మలో ఉండేది వట్టి తీగ కాదు, చిన్న సర్క్యూట్, అది మాడుతోందన్న మాట. ఇంకొకటి, పిల్లలు చదువుకునే టేబుల్ ల్యాంపులో మెలికల బల్బు ఉంటే మార్చేయండి. పైన ఇంకో గాజు బుడ్డి లేని సీఎఫ్‌ఎల్‌కి 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా రోజుకి గంటకి మించి కూర్చోవద్దని బ్రిటన్ ఆరోగ్య సంస్థ 2008లోనే చెప్పింది. మా అమ్మాయి పదో తరగతి అంతా అలాంటి దీపం కిందే చదివింది.

సరే, దాని చోట ఎల్‌ఈడీ పెట్టాం. ఎల్‌ఈడీలో పాదరసం ఉండదు, అక్కడికి నిశ్చింత. ఆ రాత్రి స్విచ్చి ఆపాక కూడా అది మిణుకుమిణుకుమంటూ సన్నగా వెలుగుతూనే ఉంది. "భలే ఉందే, విడిగా జీరో బల్బు అక్కర్లేదు" అని మా అత్తయ్య గారు ముచ్చటపడ్డారు. మావారు "మంచి బల్బే" అన్నారు. నాకెందుకో నచ్చక మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. అతను టెస్టర్ పెట్టి చూసి, "అమ్మా, ఈ స్విచ్చి ఫేజుకి కాదు, న్యూట్రల్‌కి వేశారు" అన్నాడు. అంటే స్విచ్చి ఆపినా హోల్డర్లో కరెంటు ఉన్నట్టే! ఇల్లు కట్టినప్పటి తప్పు. అన్నేళ్ళూ స్విచ్చి ఆపామన్న ధీమాతో ఆ హోల్డర్లో వేళ్ళు పెట్టి బల్బులు మార్చాం. పాత ఫిలమెంటు బల్బు వెలగడానికి ఆ కారే కాస్త కరెంటు చాలదు కాబట్టి తప్పు బయటపడలేదు. ఎల్‌ఈడీకి ఆ కాస్త చాలు. సీఎఫ్‌ఎల్ అయితే ఆపాక కూడా ఉండుండి తళుక్కుమంటుంది. ఆలోచిస్తే మాదీ అలా అప్పుడప్పుడూ మెరిసేది. బల్బు పాతబడిందనుకునేవాళ్ళం.

ఇలా వెలగడానికి వేరే కారణాలూ ఉండొచ్చట. స్విచ్చిలో ఎర్ర ఇండికేటర్ లైటు ఉన్నా అలా జరుగుతుందట. కానీ అది తేల్చాల్సింది ఎలక్ట్రీషియన్, మనం కాదు. మీ ఇంట్లో ఆపిన బల్బు మిణుకుమంటుంటే ముచ్చటపడకండి. బల్బు మార్చేటప్పుడు స్విచ్చి ఒక్కటీ ఆపి ఊరుకోకండి, మెయిన్ ఆపించండి. టీవీలో మ్యాచ్ ఆగిపోతుందని అరిచేవాళ్ళు అరుస్తారు, అరవనివ్వండి. అలాగే రోడ్డు పక్కన గుట్ట పోసి అమ్మే ఎల్‌ఈడీల జోలికి పోకండి. నాసిరకం వాటిల్లో లోపలి తీగలకీ పైన లోహపు ఒంటికీ మధ్య అడ్డు సరిగా ఉండదు, తడిచేత్తో ముట్టుకుంటే అంతే సంగతులు. బల్బు మీద గానీ పెట్టె మీద గానీ ఐఎస్ 16102 అనీ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉన్నాయో లేదో చూసి కొనండి.

ఇక తీసిన పాతవి. 2016 నాటి చెత్త నిబంధనల్లో సీఎఫ్‌ఎల్‌లనీ ట్యూబ్‌లైట్లనీ ఇంటి ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వాలని పెట్టారు. అదే ఏడాది వచ్చిన ఈ-వేస్ట్ నిబంధనల్లో వీటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్ళ మీద పెట్టారు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. నేను ఒక బల్బుని పేపర్లో చుట్టి, మీద "జాగ్రత్త, పాదరసం" అని రాసి, ఎర్ర డబ్బాలో పెట్టి చెత్త బండి దగ్గరికి పట్టుకెళ్ళాను. బండి మీద ఉన్నావిడ దాన్ని తీసుకుని నా కళ్ళ ముందే పొడిచెత్తలోకి విసిరేసింది. లోపల పగిలిన చప్పుడు వినపడింది. ఆవిడ చేతులకి తొడుగుల్లేవు. ఆవిణ్ణి ఏమంటాను? ఆవిడకీ ఎవరూ చెప్పలేదు. కొన్న షాపుకి తీసుకెళ్తే, "మాకెందుకమ్మా, పారేయండి" అన్నాడు. నా దగ్గర్నుంచి పనావిడకి, పనావిడ దగ్గర్నుంచి బండి మీది ఆవిడకి, ఆవిడ దగ్గర్నుంచి డంపింగ్ యార్డులో చెత్త ఏరుకునే పిల్లకి. ఆదా అయిన కరెంటు బిల్లు మాత్రం మావారి పేరు మీద వస్తుంది.

అసలు మాట ఇంకా చెప్పలేదు. పండగ వెళ్ళాక మా పనావిడని కూర్చోబెట్టి ఇదంతా వివరంగా చెప్పాను. క్షమించమన్నాను కూడా. ఆవిడ తేలిగ్గా తీసుకుంది. "మాకేం కాదులే అక్కా, పిల్లాడు బానే ఉన్నాడు" అంది. కొంచెం ఆగి, "అట్టాంటియి మా ఇంట్లో రెండున్నాయి గదా. మీరు ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు నాకిచ్చారు గదా" అంది.

నిజమే, నేనే ఇచ్చాను. వెలుగుతున్న బల్బులు పారేయడం ఎందుకు, పాపం వాడుకుంటుంది అనుకున్నాను. ఇచ్చి, ఓ మంచిపని చేశానని సంతోషించాను కూడా.

ఆదివారం మావారూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. ఒకే గది, రేకుల కప్పు, నిలబడితే చేతికి అందే ఎత్తులో ఒక బల్బు, వాళ్ళు పడుకునే చాప మీదికి వచ్చేలా. రెండోది బయట, వాన జల్లు కొట్టే చోట. మెయిన్ ఆపి రెండూ మార్చాం. ఆ హోల్డర్ల వైర్లు కూడా టేపు ఊడి ఉంటే మా ఎలక్ట్రీషియన్‌నే పంపి సరిచేయించాను. తెచ్చిన రెండూ, మా ఇంట్లోంచి తీసినవి తొమ్మిదీ, విడివిడిగా పాత చీర ముక్కల్లో చుట్టి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి అటకెక్కించాను. పెంకుల సీసా ఆ పక్కనే ఉంది. ఆ రోజు తడి బుట్టలోంచి వెనక్కి తీయగలిగినంత మటుకు తీసి అందులో వేశాను. డబ్బా మీద ఎర్ర పెన్నుతో తెలుగులో రాశాను, ఎవరు దింపినా చదువుకునేలా. మీ ఊళ్ళో వీటిని సరిగ్గా తీసుకునే చోటు ఏదైనా ఉంటే నాకు తప్పకుండా చెప్పండి, బస్సెక్కి వచ్చైనా ఇచ్చి వెళ్తాను.